జెండా మారినవాళ్లు, జోడీ మారినవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతికో, జాతరకో మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వాలీబాల్ టోర్నమెంట్లు పెడుతుంటారు. వాటి కరపత్రం ఎప్పుడైనా చివరిదాకా చదివారా? పైన మొదటి బహుమతి, రెండో బహుమతి, దాతల పేర్లు, వాళ్ల ఫోటోలు. ఆ కింద సన్న అక్షరాల్లో నిబంధనలు. "ఆటగాళ్లందరూ ఒకే ఊరివాళ్లై ఉండాలి, ఆధార్ కార్డు ఒరిజినల్ వెంట తెచ్చుకోవాలి" అన్న లైను వాటిలో ఉండనే ఉంటుంది. ఆ లైను ఎందుకు వచ్చిందో ఆడినవాళ్లకు తెలుసు. హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఆడే ఆరడుగుల షూటర్‌ను, అంటే నెట్ దగ్గర ఎగిరి బంతిని బలంగా కొట్టేవాణ్ని, ఎవరో బైక్ మీద ఎక్కించుకొస్తారు. "మా మేనత్త కొడుకే, మా ఊరోడే" అంటారు. అవతలి జట్టు పెద్దమనిషి ఊరుకుంటాడా? "ఏ గల్లీల ఉంటడు? ఇల్లు చూపియ్యుండ్రి" అని పట్టుకుంటాడు. మైకు ముందున్నాయన ఇద్దరినీ బతిమాలుతుంటాడు. ఆట ఆగిపోయి అరగంట పంచాయతీ.

ఈ పంచాయతీ ఒలింపిక్స్ స్థాయిలోనూ ఉంది. ముఖ్యంగా బీచ్ వాలీబాల్‌లో. నిన్నటిదాకా ఒక దేశానికి ఆడినవాడు ఇవాళ ఇంకో దేశం జెర్సీ వేసుకుంటాడు. జనం వెంటనే "డబ్బుకు అమ్ముడుపోయాడు" అనేస్తారు. నేను అలా అనలేను. ఈ ఆట సంగతి కాస్త దగ్గర నుంచి చూస్తే, జెండా మారడం కంటే జోడీ మారడమే పెద్ద కష్టమని నాకు అనిపిస్తుంది. ఇవాళ మీతో పంచుకోవాలనుకున్నది అదే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇసుక మీద 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కోర్టు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. 21 పాయింట్లకు ఒక సెట్, చెరొకటి గెలిస్తే మూడోది 15కు. సబ్‌స్టిట్యూట్లు ఉండరు. ఒకరికి కాలు బెణికి ఆడలేకపోతే ఆ జోడీ మ్యాచ్ వదులుకోవాల్సిందే. కాలిఫోర్నియా సముద్రతీరంలో పుట్టిన ఈ ఆట 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మగవాళ్లలో 24 జోడీలు, ఆడవాళ్లలో 24 జోడీలు ఆడతాయి. ఒక్కో దేశానికి గరిష్ఠంగా రెండేసి. అసలు కథంతా ఈ "రెండు" దగ్గరే ఉంది.

బ్రెజిల్‌ను తీసుకోండి. అక్కడి తీరాల్లో ఈ ఆట ఆడని పిల్లలు తక్కువ. ప్రపంచంలో మొదటి ఇరవైలో నిలిచే జోడీలు ఆ ఒక్క దేశంలోనే ఎన్నో ఉంటాయి. కానీ ఒలింపిక్స్‌కు వెళ్లేవి రెండే. మూడో జోడీ ఎంత గొప్పదైనా ఇంట్లో కూర్చుని టీవీ చూడాల్సిందే. పని లేని చోటు నుంచి పని ఉన్న చోటికి పోవడం గురించి పాలమూరు మనిషికి ఎవరూ పాఠం చెప్పక్కరలేదు. వాళ్లూ అదే చేశారు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జార్జియా దేశం తరఫున రెండు బీచ్ వాలీబాల్ జోడీలు దిగాయి. మగవాళ్ల జోడీలో రెనాటో గోమెస్, జార్జ్ టెర్సెయిరో. ఆడవాళ్ల జోడీలో క్రిస్టీన్ శాంటన్నా, ఆండ్రెజా షాగస్. నలుగురూ బ్రెజిల్‌లో పుట్టినవాళ్లే. ఆటలో వాళ్లు పెట్టుకున్న పేర్లు ఇంకా తమాషా. మగవాళ్లిద్దరి పేర్లు పక్కపక్కన పెడితే "జార్జియా" అవుతుంది. ఆడవాళ్లవి కలిపితే "సకార్త్వెలో" అవుతుంది. జార్జియన్లు తమ దేశాన్ని పిలుచుకునే పేరు అది. కొత్త ఊరికి వెళ్లి ఇంటిపేరే మార్చుకున్నంత పని చేశారన్నమాట.

సరిగ్గా ఆ ఒలింపిక్స్ మొదలయ్యే రోజుల్లోనే, 2008 ఆగస్టులో, జార్జియాకూ రష్యాకూ యుద్ధం వచ్చింది. అక్కడ ట్యాంకులు కదులుతున్నాయి. ఇక్కడ బీజింగ్ ఇసుకలో జార్జియా అమ్మాయిలకు ఎదురుపడింది ఎవరనుకున్నారు? రష్యా అమ్మాయిలే. ప్రపంచంలోని విలేకరులందరి కళ్లూ ఆ కోర్టు మీదే. మొదటి సెట్ పోయినా, తర్వాతి రెండూ గెలిచి జార్జియా నెగ్గింది. బ్రెజిల్‌లో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు, యుద్ధంలో ఉన్న ఒక చిన్న దేశానికి ఆ రోజు సంతోషపడడానికి ఒక కారణం ఇచ్చారు. వాళ్లను "అద్దె ఆటగాళ్లు" అని తీసిపారేయడానికి నాకు నోరు రాదు.

మగవాళ్లు ఇంకా ముందుకెళ్లి సెమీఫైనల్ చేరారు. ఆ సెమీస్‌లో ఉన్న నాలుగు జోడీలు చూడండి: అమెరికా ఒకటి, బ్రెజిల్ రెండు, జార్జియా ఒకటి. అంటే ఎనిమిది మందిలో ఆరుగురు బ్రెజిల్ బిడ్డలే! కాంస్య పతకం మ్యాచ్‌లో జార్జియా జోడీకి ఎదురొచ్చింది బ్రెజిల్‌కు చెందిన రికార్డో, ఇమాన్యుయెల్. వాళ్లు 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచినవాళ్లు. పుట్టిన దేశం చేతిలోనే ఓడి జార్జియా నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

ఖతర్ కథ మనవాళ్లకు ఇంకా దగ్గరిది. టోక్యో ఒలింపిక్స్‌లో ఖతర్‌కు కాంస్యం తెచ్చిన షెరిఫ్ యూనూస్ సెనెగల్‌లో పుట్టాడు, జోడీ అహ్మద్ తీజాన్ గాంబియాలో పుట్టాడు. అంతకుముందు 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం కూడా వాళ్లదే. దోహాలో ఇరవై ఏళ్లు ఇటుకలు మోసినా మన మనిషికి అక్కడి పౌరసత్వం రావడం గగనం. ఆట వస్తే మాత్రం తలుపు తెరుచుకుంటుంది. ఇందులో న్యాయం ఎంత అని మీకు అనుమానం వస్తే, అది న్యాయమైన అనుమానమే. కానీ ఆ ప్రశ్న వేయాల్సింది తలుపు తెరిచినవాళ్లను, లోపలికి నడిచినవాళ్లను కాదు.

అలాగని ఎవరు పడితే వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు మారిపోవడం కుదరదు. ఒలింపిక్ చార్టర్ ప్రకారం పాత దేశానికి చివరిసారి ఆడిన రోజు నుంచి మూడేళ్లు ఆగాలి. రెండు దేశాల ఒలింపిక్ కమిటీలూ, ఆట సమాఖ్యా ఒప్పుకుంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ గడువు తగ్గించవచ్చు. ఒప్పుకోకపోతే ఆటగాడి జీవితంలో మూడేళ్లు గాలికి పోయినట్టే. ఇరవై ఎనిమిదేళ్లవాడికి ముప్పై ఒకటి వస్తాయి. ఇసుకలో ఎగిరే మోకాళ్లకు అది చిన్న లెక్క కాదు.

అందరూ చిన్న క్యూ వెతుక్కునే పోతారనుకోవద్దు. ఛైమ్ షాక్ అనే ఆటగాడు 2016 రియోలో కెనడాకు ఆడాడు. ఆ తర్వాత అమెరికాకు మారాడు. అంటే పొడవైన క్యూలోకి వెళ్లి నిలబడ్డాడు. 2024 పారిస్‌కు అమెరికా మగవాళ్ల బెర్తులు రెండూ వేరే జోడీలకే దక్కాయి, ఈయనకు దొరకలేదు. ఇక ఆడ్రియన్ కరంబులా ఉన్నాడు. పుట్టింది ఉరుగ్వేలో, పెరిగింది అమెరికాలోని మయామీలో, ఆడింది ఇటలీకి. సర్వీస్ చేస్తే బంతి ఆకాశంలోకి తాటిచెట్టు దాటి పోయి, ఎండలో కళ్లు చికిలించుకుని చూసేవాడి నెత్తిన పడుతుంది. ఆయన ఏ దేశపువాడో తేల్చే పని నేను పెట్టుకోను.

సరే, జోడీ సంగతికి వద్దాం.

టీవీలో బీచ్ వాలీబాల్ వస్తే ఈసారి బంతిని కాకుండా నెట్ దగ్గర నిలబడ్డ ఆటగాడి చేతులు చూడండి. తనవాడు వెనక సర్వీస్‌కు సిద్ధమవుతుంటే, ఇతను రెండు చేతులూ నడుము వెనక పెట్టి వేళ్లు చూపిస్తుంటాడు. ఎడమ చెయ్యి ఎడమ వైపు ప్రత్యర్థి కోసం, కుడి చెయ్యి కుడి వైపువాడి కోసం. బ్లాక్ అంటే నెట్ దగ్గర ఎగిరి, చేతులెత్తి బంతిని ఆపడం. ఒక వేలు చూపిస్తే "లైన్ వైపు, అంటే పక్క గీత వెంట నేరుగా వచ్చే బంతికి, బ్లాక్ నేను చూసుకుంటా" అని. రెండు వేళ్లు అంటే "క్రాస్ వైపు, అంటే ఐమూలగా వచ్చే బంతిని, నేను మూస్తా". పిడికిలి బిగిస్తే "బ్లాక్‌కు ఎగరను, వెనక్కి వచ్చేస్తా". వెనకవాడు ఆ వేళ్లను బట్టి, మిగిలిన జాగాలోకి పరుగెత్తాలి. పొరపాటుగా చదివితే ఇద్దరూ ఒకే పక్క ఉంటారు, రెండో పక్క కోర్టంతా ఖాళీ. సైగలు నేర్చుకోవడం ఒక పూట పని. వేలు చూపించిన మనిషి నిజంగా ఆ పక్కకే ఎగురుతాడన్న నమ్మకం కుదరడానికి మాత్రం సీజన్లు పడతాయి.

కాడి కట్టే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. దాపట నడవడం అలవాటైన ఎద్దును తెచ్చి వలపట కడితే సాలు వంకర పోతుంది. ఈ ఆటలోనూ ఎడమ వైపు ఆడేవాళ్లు, కుడి వైపు ఆడేవాళ్లు వేరుగా ఉంటారు. కొత్త జోడీ కోసం వైపు మారాల్సి వస్తే మొదటి కొన్ని నెలలు టెన్షనే. దానికి తోడు అవతలివాళ్లు కనికరం లేనివాళ్లు. ఇద్దరిలో ఎవరు కాస్త తడబడుతున్నారో చూసి, ప్రతి సర్వీసూ ఆ మనిషి మీదికే కొడతారు. ఆరుగురి ఆటలో ఒక బలహీనుణ్ని ఎక్కడో దాచేయొచ్చు. ఇక్కడ దాచే చోటేదీ?

పాయింట్ల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. మామూలు టోర్నమెంట్లలో ప్రవేశానికి ఇద్దరి సొంత పాయింట్లూ కలుపుతారు కాబట్టి విడిపోయినా ఎవరివి వాళ్లకు ఉంటాయి. ఒలింపిక్ ర్యాంకింగ్ అలా కాదు, అది జోడీకి చెందింది. పారిస్ కోసం 2023 జనవరి 1 నుంచి 2024 జూన్ 9 దాకా ఆ జోడీ సాధించిన ఫలితాల్లో మంచి 12 లెక్కలోకి తీసుకున్నారు. మధ్యలో విడిపోతే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అందుకే మాటలు లేకపోయినా కలిసి ఆడేవాళ్లుంటారు. ఒలింపిక్స్ అయిన మరునాడే విడిపోయేవాళ్లూ ఉంటారు.

అమెరికా క్రీడాకారిణి ఏప్రిల్ రాస్ దీనికి గొప్ప ఉదాహరణ. 2012 లండన్ ఫైనల్లో ఆమె, జెన్నిఫర్ కెస్సీ ఒక జోడీ. నెట్‌కు అవతల మిస్టీ మే ట్రీనర్, కెర్రీ వాల్ష్ జెన్నింగ్స్. వాళ్లకు అది వరుసగా మూడో స్వర్ణం, రాస్‌కు రజతం. మే ట్రీనర్ రిటైరైంది. కెర్రీకి కొత్త జోడీ కావాలి. ఆమె పిలిచింది తను ఓడించిన ఏప్రిల్ రాస్‌నే! ఇద్దరూ కలిసి 2016 రియోలో కాంస్యం గెలిచారు. మరుసటి ఏడాది విడిపోయారు. అప్పుడు రాస్ ఎంచుకున్నది ఆరుగురి వాలీబాల్ నుంచి ఇసుకలోకి కొత్తగా వచ్చిన అలిక్స్ క్లైన్‌మన్‌ను. ఆ జోడీ టోక్యోలో స్వర్ణం కొట్టింది. మూడు ఒలింపిక్స్, ముగ్గురు జోడీలు, మూడు రంగుల పతకాలు.

పారిస్ ఆడవాళ్ల ఫైనల్ కూడా ఇలాంటిదే. బ్రెజిల్‌కు డూడా, అనా పాట్రీసియా. కెనడాకు మెలిస్సా హ్యుమానా పరెడెస్, బ్రాండీ విల్కర్సన్. టోక్యోలో ఈ నలుగురూ నాలుగు వేర్వేరు జోడీల్లో ఆడారు, ఒక్కరికీ పతకం రాలేదు. డూడా, అనా పాట్రీసియా 2014లో యూత్ ఒలింపిక్స్ కలిసి గెలిచి, విడిపోయి, మళ్లీ కలిసినవాళ్లు. ఫైనల్ మధ్యలో నెట్ దగ్గర రెండు జట్లకూ మాటామాటా పెరిగింది. మైదానంలో పాటలు వేసే డీజే శాంతి గురించిన పాత ఇంగ్లిష్ పాట ఒకటి పెట్టేసరికి అందరూ నవ్వేశారు. స్వర్ణం బ్రెజిల్‌కు వెళ్లింది. మన టోర్నమెంట్లలో మైకాయనలకు ఈ ఉపాయం పనికొస్తుందేమో.

మన దేశం మాటేమిటి అంటారా? బీచ్ వాలీబాల్‌లో భారత్ ఇంతవరకు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. వేరే దేశం పాస్‌పోర్ట్ తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. అటు నుంచి ఇటు రావాలన్నా అంతే. భారత పాస్‌పోర్ట్ లేనివాళ్లు దేశానికి ఆడకూడదని 2008లో కేంద్రం తేల్చేసింది. జపాన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు అరటా ఇజుమి, తండ్రి గుజరాతీ అయినా, జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో మన జట్టుకు ఆడగలిగాడు. వాలీబాల్ మనకు కొత్తదేమీ కాదు. పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లే. నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు.

మరి నల్లగొండలో, వనపర్తిలో ఇసుక కోర్టు వేయాలంటే? రాళ్లు లేకుండా జల్లెడ పట్టిన ఇసుక కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఉండాలి. చుట్టూ మూడు మీటర్ల ఖాళీతో కలిపితే 120 ఘనపు మీటర్లు దాటుతుంది. అంటే దాదాపు నలభై ట్రాక్టర్లు. ట్రాక్టర్ ఇసుక ధర ఎంతుందో నేను చెప్పక్కరలేదు. పైగా మే నెల ఎండకు ఆ ఇసుక మీద ఉత్త కాళ్లు పెట్టలేం, సాక్సులు వేసుకుని ఆడాల్సిందే.

అందుకని ఇప్పటికి ఒక చవక పని చేయొచ్చు. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో వాలీబాల్ కోర్టు ఉంటుంది. సున్నంతో గీసిన ఆ గీతల్ని రెండు చివర్లా ఒక్కో మీటరు, రెండు పక్కలా అరమీటరు లోపలికి జరపండి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు దిగండి. సర్వీసులన్నీ ఎవరి మీదికి వస్తున్నాయో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అది మీ మీదికే అయితే, జోడీని తిట్టకండి, పాస్, అంటే వచ్చిన సర్వీస్‌ను అందుకుని జోడీకి అందించడం, ప్రాక్టీస్ చేయండి.

సెలవు. నమస్కారం.