ఎగుమతి సైకిళ్ల ఫ్యాక్టరీకి ఈఆర్పీ సెటప్: ఐటమ్ మాస్టర్ నుంచి షిప్పింగ్ బిల్లు దాకా

నమస్కారం అండీ. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. శ్రీసిటీ, రేణిగుంట, నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల్లో స్టోర్స్‌లోనో, ప్లానింగ్‌లోనో, అకౌంట్స్‌లోనో కొత్తగా చేరినవాళ్ల కోసం ఈ వీడియో. సైకిళ్లు తయారుచేసి విదేశాలకు పంపే యూనిట్‌కి ఈఆర్పీని, అంటే కొనుగోలు, స్టాకు, తయారీ, అమ్మకం, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌ని, ఎలా అమర్చాలో చూద్దాం. నేను స్క్రీన్ మీద చూపించేది ఈఆర్పీనెక్స్ట్, వెర్షన్ 15. ముంబైలోని ఫ్రాపే వాళ్లు చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. మీ ఆఫీసులో వేరేది ఉన్నా ఫరవాలేదు, మెనూల పేర్లు మారతాయి, పని మాత్రం ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. బరువు తేడా వచ్చింది, హెచ్ఎస్ఎన్ (సరుకు పన్ను వర్గీకరణ కోడ్) తప్పుంది, ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) దగ్గర ఆగింది అనే గొడవలన్నీ కంటైనర్ లోడయ్యే రోజు బయటపడతాయి. కానీ వెనక్కి వెళ్లి చూస్తే, వాటిలో చాలావాటికి మూలం ఐటమ్ మాస్టర్‌లో, అంటే ప్రతి వస్తువు వివరాలు రాసే రికార్డులో, ఖాళీగా వదిలేసిన ఏదో ఒక గడిలో ఉంటుంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు ఐటమ్, బీఓఎం (ఒక వస్తువు తయారీకి ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా) దగ్గరే ఉంటాను. అకౌంట్స్ త్వరగా దాటేస్తాను.

(స్క్రీన్: కంపెనీ పేజీ)

కంపెనీ పేజీలో కరెన్సీ రూపాయి. అడ్రస్ మాత్రం జాగ్రత్తగా రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు శ్రీసిటీ చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పాత లెటర్‌హెడ్ చూసి చిత్తూరు అని కొట్టేయకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో, ఐఈసీలో (ఎగుమతి దిగుమతుల కోడ్) ఏముందో తెరిచి చూడండి. ఆ రెండింట్లో తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించి, అప్పుడు ఇక్కడ అదే అక్షరాలతో ఎక్కించండి. తర్వాత ఇండియా కంప్లయన్స్ అనే యాప్ వేసుకుని, జీఎస్టీ సెట్టింగ్స్‌లో విదేశీ లావాదేవీల టిక్కు పెట్టండి. ఆ టిక్కు లేకపోతే ఎగుమతికి కావాల్సిన గడులు ఇన్‌వాయిస్‌లో కనిపించవు.

ఇప్పుడు ఐటమ్‌కి వద్దాం. మొదట టైర్లు, రిమ్ములు. స్టోర్స్‌లో అందరూ 26 అంగుళాలు, 28 అంగుళాలు అని అంటారు. నోటిమాటగా అనుకోవచ్చు, ఐటమ్ పేరులో మాత్రం అది చాలదు. యూరప్ వాళ్లు 28 అంగుళాలు అంటే రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు. మన పాత రోడ్‌స్టర్ సైకిల్ 28 అంగుళాలు అంటే 635. రెండూ ఒకదానిలో ఒకటి పట్టవు. అటువైపు 29 అంగుళాల మౌంటెన్ బైక్, 700సి అనే రోడ్డు సైకిల్ పేరుకు వేరు, రెండింటి రిమ్ము కొలతా 622నే. అందుకని ఈటీఆర్‌టీఓ అనే టైర్, రిమ్ముల ప్రమాణం ఇచ్చే కొలతను ఐటమ్ పేరులోనే పెట్టండి. 37-622 అంటే టైర్ వెడల్పు 37, రిమ్ము 622. 27.5 అంగుళాలకి 584, మౌంటెన్ బైక్ 26కి 559. ఇలా రాస్తే సైకిల్ విడిభాగాలు తయారయ్యే లూధియానాకి వెళ్లే పర్చేజ్ ఆర్డర్‌లో అనుమానానికి చోటుండదు. అక్కడి నుంచి తప్పు టైర్ వస్తే వాపసు పంపి మళ్లీ తెప్పించడానికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దారి ఉందని గుర్తుపెట్టుకోండి.

తర్వాత కొలమానాలు. స్టీల్ ట్యూబ్ కిలోల్లో కొంటాం, ఫ్రేమ్‌కి మిల్లీమీటర్లలో కోస్తాం. పౌడర్ కోటింగ్ పొడి కిలోల్లో కొంటాం, ఫ్రేమ్‌కి గ్రాముల్లో పడుతుంది. ఐటమ్‌లో యూనిట్ మార్పిడి టేబుల్ నింపండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో దశాంశ స్థానాలు కనీసం 3 పెట్టండి. ‘నంబర్లు’ అనే యూనిట్‌కి పూర్ణసంఖ్య మాత్రమే అనే టిక్కు ఉండాలి, లేదంటే ఎవరో ఒకరు అర పెడల్ ఇష్యూ చేస్తారు.

హెచ్ఎస్ఎన్ దగ్గర కూడా తొందర వద్దు. పూర్తి సైకిల్ 8712లోకి వస్తుంది. విడిభాగాలన్నీ 8714 అనుకుని ఒకే కోడ్ కాపీ చేస్తుంటారు. ఫ్రేమ్, ఫోర్క్, హబ్, సీటు, పెడల్ వరకు అది సరే. కానీ టైర్ 4011, ట్యూబ్ 4013, చైన్ 7315. మోటార్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ అయితే అసలు 8712 కాదు, 8711 60. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ట్యాక్స్ టెంప్లేట్ ఇంకా తగిలించి ఉందేమో చూసుకోండి.

(స్క్రీన్: ఐటమ్, పర్చేజింగ్ ట్యాబ్)

ఈ ట్యాబ్‌లో కిందికి రండి. కంట్రీ ఆఫ్ ఆరిజిన్ అనే గడి ఉంది. చాలా కంపెనీల్లో దీన్ని ఎవరూ ముట్టుకోరు. ఎగుమతి యూనిట్‌లో దీన్ని తప్పనిసరి గడిగా మార్చమని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో వినండి. చైనా సైకిళ్ల మీద యూరోపియన్ యూనియన్ 1993 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి తెచ్చి కుమ్మరించే సరుకు మీద వేసే అదనపు సుంకం) వేస్తోంది. చాలా కంపెనీలకు దాని రేటు ఇప్పుడు 48.5 శాతం. చైనా భాగాలు వేరే దేశంలో బిగించి పంపుతున్నారనే అనుమానం వస్తే విచారణ చేస్తారు. ఇలాంటి విచారణల తర్వాత ఆ సుంకాన్ని ఇండోనేషియా, మలేషియా, శ్రీలంక, ట్యునీషియా, కంబోడియా వంటి దేశాల నుంచి వచ్చే సైకిళ్లకూ పొడిగించారు. వాళ్ల నిబంధనలో ముఖ్యమైన లెక్క ఇది: విడిభాగాల మొత్తం విలువలో చైనా నుంచి వచ్చినవి 60 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నాయా? ఉంటే, బిగించే చోట వాటికి చేర్చిన విలువ తయారీ ఖర్చులో 25 శాతం దాటిందా? దాటకపోతేనే చిక్కు.

యూరప్ కొనుగోలుదారుడు ఈ లెక్క అడిగితే మన దగ్గర ఒక్క బటన్‌తో రావాలి. అందుకు కస్టమైజ్ ఫామ్‌లోకి వెళ్లి, బీఓఎం ఐటమ్ టేబుల్‌లో కొత్త గడి ఒకటి చేర్చండి. దాని విలువ ఐటమ్‌లోని కంట్రీ ఆఫ్ ఆరిజిన్ నుంచి దానంతటదే వచ్చేలా ‘ఫెచ్ ఫ్రమ్’ పెట్టండి. ఆ మీద దేశాలవారీగా విలువ కూడే చిన్న క్వెరీ రిపోర్ట్ రాయించుకుంటే చాలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే డెరైలర్‌ని (గేర్లు మార్చే భాగం) ఒకసారి తైవాన్ నుంచి, ఇంకోసారి చైనా నుంచి తెప్పిస్తే రెండింటినీ ఒకే ఐటమ్ కోడ్ కింద కలపకూడదు. రెండు కోడ్‌లు చేసి, ఒకదానికి ఇంకొకటి ప్రత్యామ్నాయ ఐటమ్‌గా లింక్ చేయండి. స్టోర్స్ వాళ్లకి కాస్త చాకిరీ పెరుగుతుంది, నిజమే. అయినా వదలకండి.

ఇక వేరియంట్లు. ఒక మోడల్, 3 ఫ్రేమ్ సైజులు, 4 రంగులు అంటే 12 రకాలు. దేశీ అమ్మకాలకి ఇంతటితో సరిపోతుంది. ఎగుమతికి మూడో లక్షణం కావాలి, దాని పేరు ‘మార్కెట్’. బ్రేక్ సంగతే తీసుకోండి. మన దగ్గర, బ్రిటన్‌లో కుడిచేతి లివర్ ముందు బ్రేక్ పడుతుంది. అమెరికా నిబంధన ప్రకారం ముందు బ్రేక్ ఎడమచేతికి, వెనక బ్రేక్ కుడిచేతికి ఉండాలి. లివర్ అదే, బ్రేక్ అదే, కానీ కేబుల్ దారి మారుతుంది, కేబుల్ గొట్టం పొడవు మారుతుంది. అమెరికా సైకిల్‌కి ముందు తెల్లది, వెనక ఎర్రది, పెడళ్లకి, చక్రాలకి రిఫ్లెక్టర్లు ఉండి తీరాలి. బ్రిటన్‌లో అమ్మే కొత్త సైకిల్‌కి బెల్ తప్పదు. జర్మనీకి వెళ్లే సిటీ సైకిల్‌కి అక్కడి ఆమోదం గుర్తున్న లైట్లు కావాలి. ఇవన్నీ సేల్స్ ఆర్డర్ రిమార్క్స్‌లో రాసి వదిలేస్తే లైన్ మీద బిగించే మనిషికి చేరవు. సైజు, రంగు, మార్కెట్ అని మూడు లక్షణాలతో వేరియంట్లు చేయండి. మూడు మార్కెట్లైతే 36 వస్తాయి. సంఖ్య చూసి భయపడొద్దు, సాఫ్ట్‌వేరే వాటిని ఒకేసారి సృష్టిస్తుంది.

వేరియంట్‌కి సొంత బీఓఎం లేకపోతే ఈఆర్పీనెక్స్ట్ టెంప్లేట్ బీఓఎం తీసుకుంటుంది. రంగు మారితే పెయింట్ అయిన ఫ్రేమ్ ఐటమ్ మారుతుంది, మార్కెట్ మారితే పైన చెప్పినవన్నీ మారతాయి. కాబట్టి ప్రతి వేరియంట్‌కి సొంత బీఓఎం ఉండాలి. ఒకటి చేసి డూప్లికేట్ కొట్టి, తేడా ఉన్న లైన్లే మార్చండి.

(స్క్రీన్: బీఓఎం)

బీఓఎం ఒకే మెట్టులో రాయకండి. మొదట పచ్చి ఫ్రేమ్, అంటే ట్యూబులు కోసి వెల్డింగ్ చేసి అలైన్‌మెంట్ చూసినది. తర్వాత పెయింట్, స్టిక్కర్ అయిన ఫ్రేమ్. చక్రాలు వేరే బీఓఎం. ఆ పైన సైకిల్. అన్నిటికీ పైన కార్టన్‌లో ప్యాక్ అయిన సైకిల్. పచ్చి ఫ్రేమ్‌ని వేరే ఐటమ్‌గా ఉంచితే రంగు ఆర్డర్ ఆలస్యమైనా వెల్డింగ్ ఆగదు. చక్రం దగ్గర ఒక చిన్న సంగతి గమనించండి. చక్రానికి 32 చువ్వలు అని ఒకే లైన్ రాయడం అలవాటు. వెనక చక్రంలో గేర్ల వైపు చువ్వలు రెండో వైపు కంటే కొంచెం పొట్టిగా ఉంటాయి. 16, 16 అని రెండు ఐటమ్‌లుగా రాయండి. లేకపోతే పుస్తకంలో చువ్వలు నిండుగా ఉంటాయి, చక్రం అల్లే మనిషి చేతిలో మాత్రం ఉండవు.

పెయింటింగ్ బయట జాబ్ వర్క్‌కి ఇస్తే సబ్‌కాంట్రాక్టింగ్ మాడ్యూల్ వాడండి. పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలని జీఎస్టీ చట్టం 143వ సెక్షన్ చెబుతుంది. చలాన్ తేదీలు సిస్టమ్‌లో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ఫ్రేమ్ నంబరు తప్పకుండా సీరియల్ నంబరుగానే పెట్టండి. సైకిళ్ల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం ఫ్రేమ్ మీద వరుస నంబరు చెరిగిపోకుండా ఉండాలి. ఫ్రేమ్ మీద గుద్దే నంబరు, సిస్టమ్ ఇచ్చే నంబరు ఒకటే కావాలి. ఫోర్క్, హ్యాండిల్ బార్, స్టెమ్, బ్రేకులకి బ్యాచ్ నంబర్లు చాలు. రేపు ఒక బ్యాచ్ ఫోర్కుల్లో లోపం తేలితే, ఏ దేశంలో ఏ నంబరు సైకిళ్లని వెనక్కి పిలవాలో గంటలో చెప్పగలగాలి. తొక్కేవాళ్ల ప్రాణం సంగతి ఇది, దీంట్లో రాజీ పడకండి.

ఇప్పుడు అమ్మకం వైపు. డాలర్లలో కట్టే కస్టమర్‌కి డాలర్ డెటర్స్ (మనకు బాకీ ఉన్నవాళ్ల) అకౌంట్ వేరుగా తెరిచి తగిలించండి. ఎంట్రీలు పడ్డాక ఆ అకౌంట్ కరెన్సీ మార్చనివ్వదు, అందుకే ముందే చేయాలి. ధరల పట్టిక డాలర్‌కి ఒకటి, యూరోకి ఒకటి. మారకం లాభనష్టాల అకౌంట్ కంపెనీ పేజీలో చూపించండి. షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) కస్టమ్స్ ప్రకటించిన రేటు ఉంటుంది, మన పుస్తకాల్లో వేరే రేటు ఉంటుంది. ఆ రెండూ కలవలేదని కంగారు పడొద్దు. ఇన్‌కోటర్మ్ (రవాణా, బీమా ఖర్చు ఎవరిదో చెప్పే షరతు) గడిలో ఎఫ్‌ఓబీయా, సీఐఎఫ్‌యా అన్నది ఆర్డర్ దశలోనే నింపండి.

బరువు. ప్రతి వేరియంట్‌కి నికర బరువు, కార్టన్‌తో కలిపి స్థూల బరువు తూకం వేసి రాయండి, కేటలాగ్ చూసి రాయొద్దు. 2016 జూలై 1 నుంచి ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌కి నిర్ధారించిన స్థూల బరువు ఇవ్వాలి. కార్టన్ల బరువులు కూడి లెక్కగట్టే పద్ధతి ఎంచుకుంటే ఈ అంకెలే ఆధారం. ప్యాకింగ్ స్లిప్ మాత్రం డెలివరీ నోట్ డ్రాఫ్ట్‌లో ఉండగానే చేయాలి, సబ్మిట్ చేశాక కుదరదు.

(స్క్రీన్: సేల్స్ ఇన్‌వాయిస్)

కస్టమర్ జీఎస్టీ కేటగిరీ ‘ఓవర్సీస్’. సప్లై స్థలం 96, అంటే ఇతర దేశాలు. ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకి ముందుగా ఇచ్చే హామీ పత్రం) ఉంటే పన్ను కట్టకుండా ఎగుమతి, కాబట్టి ‘పన్ను చెల్లింపుతో ఎగుమతి’ టిక్కు తీసేయండి. ఎల్‌యూటీ ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఏప్రిల్‌లో కొత్త నంబరు ఇన్‌వాయిస్ టెంప్లేట్‌లోకి ఎక్కిందో లేదో చూడండి. ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) చాలామంది తడబడతారు. బిల్లు విదేశీ కస్టమర్ పేరు మీదే, కానీ లారీ వెళ్లేది తడ దాటి చెన్నై పోర్టుకో కాటుపల్లికో. అందుకని షిప్పింగ్ అడ్రస్‌గా పోర్టు అడ్రస్, దాని పిన్ కోడ్, తమిళనాడు రాష్ట్రం ఇవ్వాలి. ఏ పోర్టు నుంచి ఎప్పుడూ పంపుతారో వాటికి ముందే అడ్రస్‌లు చేసి పెట్టుకోండి.

షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, ఆరు అక్షరాల పోర్టు కోడ్ ఇన్‌వాయిస్ చేసేటప్పుడు చేతిలో ఉండవు. తర్వాత సీహెచ్ఏ (కస్టమ్స్ పని చూసే ఏజెంట్) పంపుతారు. అవి ఎక్కించడం మర్చిపోతే జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వివరాలు కస్టమ్స్ వివరాలతో సరిపోవు, రీఫండ్ ఇరుక్కుంటుంది. స్టీల్ ట్యూబులు 18 శాతం పన్నుతో కొని, సైకిల్ పన్ను లేకుండా పంపే యూనిట్‌కి ఆ రీఫండ్ డబ్బే చేతి ఖర్చు. పైగా ఎల్‌యూటీ కింద పంపే సరుకు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లో దేశం దాటాలి, లేదంటే వడ్డీతో పన్ను కట్టాలి. కాబట్టి నోటిఫికేషన్ పేజీ తెరిచి ఒకటి పెట్టండి: సేల్స్ ఇన్‌వాయిస్, పోస్టింగ్ తేదీ తర్వాత 15 రోజులు, షరతు ఓవర్సీస్ అయి షిప్పింగ్ బిల్లు నంబరు ఖాళీగా ఉండటం. మెయిల్ అకౌంట్స్ వాళ్లకి వెళ్లాలి. 60 రోజులకి ఇంకొకటి పెట్టండి, అది మేనేజర్‌కి.

ఇవన్నీ అయ్యాక టెస్ట్ సైట్‌లో ఒక కంటైనర్ ఆర్డర్ మొదటి నుంచి చివరిదాకా నడపండి. అమెరికా వేరియంట్ కొన్ని, బ్రిటన్ వేరియంట్ కొన్ని కలిపి తీసుకోండి. వర్క్ ఆర్డర్ ప్రింట్ తీసి అసెంబ్లీ లైన్‌లో ఉన్న అన్నకి ఇచ్చి, ఏ సైకిల్‌కి ఏ వైపు బ్రేక్ బిగించాలో ఆ కాగితం చూసి చెప్పమనండి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ మీ సీహెచ్ఏకి పంపి, ఇవి చూసి షిప్పింగ్ బిల్లు వేయగలరా అని అడగండి. వాళ్లిద్దరూ మళ్లీ ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్నకీ ఐటమ్ మాస్టర్‌లో ఒక గడి ఉంటుంది. అది నింపి, లైవ్‌కి వెళ్లండి.