మంద లేచిపోయిన చోట

శ్రోతలకు నమస్కారం.

కెన్యా దేశపు నైరుతి మూలన నారోక్ ప్రాంతం ఉంది. చెదురుమదురుగా చెట్లుండే గడ్డి మైదానాలు. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే ఆ గడ్డి మధ్య అక్కడక్కడ దాదాపు 100 మీటర్ల వెడల్పున పచ్చటి గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. వాటిలో కొన్నిచోట్ల తవ్విచూసిన పరిశోధకులకు పాతకాలపు పశువుల దొడ్ల పేడ పొరలు దొరికాయి. 1,550 నుంచి 3,700 ఏళ్ల కిందటివి! ఆ మట్టిలో ఫాస్ఫరస్, కాల్షియం, మెగ్నీషియం చుట్టుపక్కల నేలకంటే ఇప్పటికీ ఎక్కువే ఉన్నాయని 2018లో నేచర్ పత్రికలో రాశారు.

మాసాయి పశుపాలకులు సింహాలు, హైనాల భయానికి ముళ్లకంపతో గుండ్రంగా దడి కడతారు. దాన్ని బోమా అంటారు. పగలంతా పశువులు దూరదూరాలు తిరిగి మేస్తాయి, రాత్రికి దడిలోకి చేరతాయి. ఎక్కడెక్కడి గడ్డిలోని సారమో ఆ కాస్త చోట పేడగా, మూత్రంగా పడుతుంది. నత్రజనిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఫాస్ఫరస్ అలా ఎగిరిపోయేది కాదు, మట్టిని పట్టుకుని ఉండిపోతుంది.

కొన్నాళ్లకు మంద మరోచోటికి లేచిపోతుంది. మొదట్లో అక్కడ ఉత్త పేడే. తర్వాత మొలిచేది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. కెన్యా మధ్యభాగంలోని లైకిపియాలో చెట్లు లేని పచ్చిక బయలు ఏర్పడుతుంది. మన గరికకు దగ్గరి చుట్టమైన గడ్డి పరుచుకుంటుంది. అదే దేశానికి వాయవ్యాన ఉన్న తుర్కానాలో అయితే మేకలు తిన్న తుమ్మకాయల గింజలు పేడలో మొలిచి చెట్లవుతాయి. లైకిపియా పచ్చికకు ఇంపాలా జింకలు ఎగబడతాయి. పిల్లలకు పాలిచ్చే తల్లి జింకకు ఫాస్ఫరస్ బాగా కావాలి, అది ఈ గడ్డిలో ఉంది. మేసినవి అక్కడే పెంటికలు వేస్తాయి, సారం మళ్లీ అదే నేలకు చేరుతుంది. పశువుల మందలుంటే అడవి జంతువులకు చోటుండదని తేల్చేసేవాళ్లు ఈ పచ్చిక బయళ్లను ఒకసారి చూడాలి.

అయితే దొడ్డి కొత్తగా సారం పుట్టించదు, చుట్టూ ఉన్న నేల నుంచి తెచ్చి పోగేస్తుంది. అందుకే మంద కదలడం ముఖ్యం. ఏళ్ల తరబడి ఒకేచోట కట్టేస్తే ఇటు పేడ గుట్టలవుతుంది, అటు మేత భూమి బక్కచిక్కుతుంది.

తెలంగాణ, రాయలసీమ రైతులకు ఇది తెలిసిన లెక్కే. పంట కోశాక కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి గొర్రెల మందను చేలో నిలిపించుకుంటారు. ఈ రాత్రి ఒక మడి, మర్నాడు పక్క మడి. బోమాలో ఒక్కచోటే మందంగా పేరుకునే ఎరువు ఇక్కడ చేనంతా పలచగా పరుచుకుంటుంది.

లైకిపియాలోని కొన్ని పశుక్షేత్రాల్లో ఇప్పుడు ముళ్లకంపకు బదులు విప్పి మోసుకెళ్లే దడులు వాడుతున్నారు. గడ్డి పోయి బోడిగా మారిన నేలను వెతికి, కొన్నాళ్లపాటు మందను అక్కడే పడుకోబెడుతున్నారు.