తోకచుక్కతో చుట్టరికం

సభకు నమస్కారం.

గురజాడ అప్పారావు గారు 1915 నవంబర్ 30న, ఈ విజయనగరంలోనే కన్నుమూశారు. ఏటా ఈ రోజున దండ వేస్తాం, 'దేశమును ప్రేమించుమన్నా' పాడతాం, టీ తాగి ఇంటికెళ్తాం. ఈసారి తోకచుక్క దారిలో ఆయన దగ్గరికి వెళ్దాం.

ఇదే నవంబర్ 30న, 1835లో, అమెరికాలో మార్క్ ట్వేన్ పుట్టారు. టామ్ సాయర్ కథ రాసినాయన. తేదీలు కలవడంలో వింతేమీ లేదు. ఏడాదికి ఉన్నవే 365 రోజులు, క్విజ్‌లో ఒక మార్కుకి తప్ప పనికిరాదు. నాకు నచ్చింది వేరే. ఆయన పుట్టిన నెలలోనే హేలీ తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి వెళ్లింది. 'దాంతో వచ్చాను, దాంతోనే పోతాను' అనేవారట. 1910 ఏప్రిల్ 20న అది మళ్లీ సూర్యుడి దగ్గరికొచ్చింది. మర్నాడే ఆయన పోయారు.

ఆ తోకలో విషవాయువు ఉందని వార్త పాకి, యూరప్, అమెరికాల్లో జనం తలుపుల సందులు మూసుకున్నారు, మందుబిళ్లలు కొనుక్కున్నారు. తోకచుక్క పొడిస్తే అరిష్టమని మనవాళ్లు ఎప్పటినుంచో అనే మాటే! చదువుకున్న దేశాలూ అంతే హడలిపోయాయి.

సరిగ్గా ఆ 1910లోనే గురజాడ 'ముత్యాల సరములు' రాశారు. అందులో తెల్లవారుజామున ఆకాశంలో తోకచుక్క. ఆయన దాన్ని భూమికి దూరబంధువు అన్నారు. దారిన పోతూ మనల్ని చూసిపోదామని వచ్చిన చుట్టం. అంతటితో ఆగలేదు, సంఘ సంస్కరణ ప్రయాణానికి ఎత్తిన జెండా అన్నారు. ఊరంతా శాంతులు చేయించుకునే వేళ ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

ఈ చుట్టానికి మనతో పాత పరిచయమే ఉంది. అది తిరిగొస్తుందని లెక్క కట్టిన ఇంగ్లిషు ఖగోళ శాస్త్రవేత్త హేలీ 1742లోనే పోయారు. 1758 డిసెంబర్ 25న దాన్ని మొదట కనిపెట్టింది జర్మనీలో ఒక రైతు. అదే నెల 7న పిఠాపురం దగ్గర చందుర్తిలో మన విజయనగరం రాజు ఆనంద గజపతి, ఇంగ్లిషు వాళ్లతో కలిసి ఫ్రెంచి వాళ్లని ఓడించారు. బొబ్బిలి యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

1986లో మా నాన్న నన్ను నిద్ర లేపి డాబా ఎక్కించారు. తోకా లేదు, జెండా లేదు. పలక మీద తడివేలితో చెరిపినట్టు ఒక మసక. 'ఇంతేనా నాన్నా?' అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

మళ్లీ వచ్చేది 2061లో. ముందు వరుసలో కూర్చున్న పిల్లలూ, అప్పుడు డాబా ఎక్కేది మీరే. ఆ 'ముత్యాల సరములు' పద్యాలు ఇప్పుడు ఈ పిల్లలే చదువుతారు. మైకు కాస్త కిందికి దించండి బాబూ, వాళ్లకి అందదు.