కొలను మీద ఒక్క గీత: మోనే వంతెన నేర్పే పని

మిత్రులారా, ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కొలను బొమ్మల్లోని పూలను మనవాళ్లు తరచూ తామరలంటారు. కాదు, అవి కలువలు. తామరాకు ఎదిగాక కాడ మీద నీటిపైకి లేస్తుంది, కలువాకు నీటిని అంటుకునే తేలుతుంది. ఇదేదో చాదస్తం అనుకోకండి. ఆకు అలా అంటుకుని ఉంటేనే, అక్కడ నీళ్లు బల్లపరుపుగా ఉన్నాయని కన్ను నమ్ముతుంది.

ఫ్రాన్స్‌లోని జివెర్నీలో మోనే 1893లో రైలు పట్టాల అవతల తడినేల కొన్నాడు. అక్కడ కొలను కోసం పక్కనున్న ఏటి పాయ నుంచి నీళ్లు మళ్లించుకుంటానంటే, పరాయి మొక్కలు నీటిని విషం చేస్తాయని ఊళ్లోవాళ్లు అడ్డుపడ్డారు. చివరికి అనుమతి దొరికింది, 1895కల్లా కొలను మీద వంతెన లేచింది. జపాన్ అచ్చుబొమ్మలు ఆయన ఇంటి గోడల నిండా ఉండేవి. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1856లో చేసిన కమేయిదో గుడి బొమ్మ చూడండి. అందులోది డోలులా గుండ్రంగా, నిటారుగా లేచే వంతెన. జివెర్నీది అలా కాదు, తక్కువ వంపు. రంగూ ఎరుపు కాదు, ఆకుపచ్చ. వేరే దేశపు వంతెనను ఎత్తుకొచ్చి పెట్టలేదాయన. తన బొమ్మకు పనికొచ్చే గీతను మాత్రమే తీసుకున్నాడు.

ఆ గీత చేసే పని చూద్దాం. లండన్ నేషనల్ గ్యాలరీలోని 1899 బొమ్మ 88 సెంటీమీటర్ల ఎత్తు, 93 వెడల్పు, అంటే దాదాపు చదరం. అందులో దిగంతరేఖ లేదు, ఆకాశం లేనట్టే. వంతెన ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగుతుంది. దాన్ని అరచేత్తో మూసి చూడండి, నీళ్లు పచ్చటి గోడలా లేచి నిలబడతాయి. చెయ్యి తీయండి, మళ్లీ పరుచుకుంటాయి. కుంచె పోట్లు కూడా గమనించండి. ఆకులన్నీ అడ్డపోట్లు, నీటిలో చెట్ల నీడలన్నీ, అంటే ప్రతిబింబాలన్నీ, నిలువుపోట్లు. ఒకే నీటి మీద ఈ రెండూ కలుస్తాయి.

మనం వేసేటప్పుడు ఎక్కువగా చెడేది నీడ దగ్గర. వంతెనను తలకిందులు చేసి కిందకు దించేస్తాం. నీటిలో కనిపించేది వంతెన అడుగుభాగం, అందుకే అది ముదురుగా ఉండాలి. కమాను నీటికి ఎంత పైన ఉంటే, నీడను నీటిమట్టం నుంచి అంత కిందకు కొలవాలి. ఆకులన్నీ ఒకే కోడిగుడ్డు ఆకారంలో వేయడం మరో తప్పు. దగ్గరివి వెడల్పు, దూరానివి సన్నటి గీతలైపోవాలి.

రంగుల సంగతి. 1905లో ఒక ఉత్తరంలో మోనే తాను వాడేవి చెప్పాడు: సీసపు తెలుపు, కాడ్మియం పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ముదురు మ్యాడర్ ఎరుపు, కోబాల్ట్ నీలం, ‘వెర్ట్ ఎమెరోడ్’. ఈ చివరిదాన్ని పేరు చూసి ఎమరాల్డ్ గ్రీన్ అనుకునేరు, ఎమరాల్డ్ గ్రీన్ ఆర్సెనిక్ ఉన్న వేరే రంగు. మీరు కొనాల్సింది విరిడియన్ అనే పచ్చరంగు. నలుపు ఈ జాబితాలో లేదు. పచ్చను ముదురు చేయడానికి నలుపు కలిపితే నీళ్లు బురదవుతాయి, మ్యాడర్ కలపండి.

తరవాత వంతెన మీద పందిరి కట్టి విస్టేరియా తీగ పాకించారు. బొమ్మలో రెండు కమానులు కనిపిస్తే అది తరవాతి కాలానిదే. కంటి శుక్లాలు ముదిరిన ఏళ్లలో, 1918 తరవాత, వేసినవి ఎరుపు, గోధుమ రంగుల చిక్కుముడిలా ఉంటాయి. వాటిలో వంతెన ఎక్కడుందో తెలియకపోతే మధ్యలో వెతక్కండి. రెండు పక్కల అంచుల నుంచి లోపలికి రండి.