అమ్మమ్మ దీపపు సెమ్మె

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో అమ్మమ్మ నాటి ఇత్తడి దీపపు సెమ్మె ఒకటుంది. మోకాలెత్తు ఉంటుంది. అమ్మ పెళ్లిలో సారెతోపాటు వచ్చింది. ఒత్తి పెట్టే ముక్కు దగ్గర సన్నగా పగిలి నూనె కారుతుంటే, ఎప్పుడో అటక ఎక్కించేశారు. పోయిన కార్తీకంలో ఎలాగైనా వెలిగించాలని కిందికి దించాను.

సెమ్మె అంతా ఒకే పోత కాదండీ. పీఠం, కాడ, ప్రమిద, పైన హంస, అన్నీ విడివిడిగా పోతపోసి మరలతో బిగిస్తారు. మా సెమ్మెలో నూనె గట్టిపడి ఆ మరలు పట్టేశాయి. పట్టకారు వేస్తే ఇత్తడి నలిగిపోతుంది. అందుకే వేడి నీళ్లు పోస్తూ, పాతగుడ్డ చుట్టి, మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా తిప్పాను. చివరికి ఊడింది. మర సందులో నల్లటి జిడ్డు, అందులో అంటుకుపోయిన చిన్న ఒత్తిపోగు. అమ్మ దాన్ని వేలిమీద పెట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

అతుకు కోసం తణుకు దగ్గరి అజ్జరం తీసుకెళ్లాను. ఇత్తడి పనికి పేరున్న ఊరది. "సీసం, తగరం కలిపి మాటు వేస్తే 200 డిగ్రీల లోపే కరిగిపోతుందండి, మంట పక్కన నిలవదు" అన్నారు మేస్త్రిగారు. అతుకు బాగా పట్టడానికి వెలిగారం (బోరాక్స్) అద్ది, ఇత్తడితోనే అతికారు. అతుకు గీత కనిపిస్తుంది. కనిపించనీ.

తోమేటప్పుడు మాత్రం దయచేసి ఆసిడ్ వాడకండి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఆసిడ్ జింకును తినేస్తే పైకి ఎర్రటి మచ్చలు తేలతాయి. చింతపండు గుజ్జు రాసి, కాసేపట్లోనే కడిగి, తడి లేకుండా తుడిస్తే చాలు.

పీఠం అంచున అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. చాలా ఏళ్ల క్రితం ఒక దుకాణంలో మెరుపు కోసం బఫింగ్ మిషన్ పెట్టి అరగదీశారు. ఇప్పుడు చివరి 'మ్మ' ఒక్కటే మిగిలింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. "మెరుగు పెట్టమంటారా?" అని మేస్త్రిగారు అడిగితే, పీఠం జోలికి వెళ్లొద్దని బతిమాలుకున్నాను.

కార్తీక పౌర్ణమి రాత్రి అమ్మ నువ్వుల నూనె పోసి ఒత్తి వెలిగించింది. నేను ముక్కు కింద చెయ్యి పట్టి చూశాను. ఒక్క చుక్క కారలేదు.