మసకబారిన బటన్ ఆగిన బటన్ కాదు!

కెరోజల్‌లో, అంటే ఒక్కో కార్డూ పక్కకి జరుగుతూ కనిపించే వరుసలో, చివరి కార్డుకి వచ్చాం. 'తర్వాత' బటన్ మసకబారింది. ఊరికే ఒకసారి నొక్కి చూడండి. కొన్ని యాప్‌లలో అది ఇంకా పని చేస్తూనే ఉంటుంది! కోడ్ తెరిస్తే ఉండేది ఒకే లైను: ఒపాసిటీ 0.3, అంటే ముప్పై శాతమే కనబడేలా. కోడ్ రివ్యూల్లో ఇది కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇది తలుపుకి తాళం వేయడం కాదండీ, తలుపు మీద తాళం బొమ్మ గీయడం.

యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్ సంగతే చూద్దాం. ఒపాసిటీ విడ్జెట్ (తెర మీద కనిపించే భాగాల్ని అందులో విడ్జెట్లంటారు) మార్చేది కనిపించే తీరును మాత్రమే, వేలి తాకిడిని అది ఆపదు. ఐదు కార్డులుంటే ఇండెక్స్, అంటే కార్డు వరుస సంఖ్య, 0 నుంచి 4 వరకు. బొమ్మ తాళం చూసి కూడా ఎవరో ఇంకోసారి నొక్కారు, ఏ కార్డులో ఉన్నామో గుర్తుపెట్టుకునే మీ కౌంట్ 5 అయింది. కింద శీర్షిక కోసం ఇండెక్స్ 5 అడిగారు, అది లేదు. రేంజ్‌ఎర్రర్, అంటే హద్దు దాటిన తప్పు. డీబగ్‌లో, అంటే యాప్ తయారుచేస్తూ పరీక్షించేటప్పుడు, అయితే ఎర్ర తెర.

అసలు తాళం చాలా చిన్నది. చివరి కార్డులో ఉన్నప్పుడు ఐకాన్‌బటన్‌కి ఆన్‌ప్రెస్డ్ దగ్గర, అంటే నొక్కితే ఏం చేయాలో రాసే చోట, నల్ (ఏమీ లేదు) ఇవ్వండి. రంగు దానంతట అదే మారుతుంది, నొక్కినా కదలదు.

[తెర మీద: టాక్‌బ్యాక్ ఆన్ చేసిన ఫోన్]

ఇది వినండి. టాక్‌బ్యాక్ అంటే తెర మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్. బొమ్మ తాళం ఉన్న బటన్‌ని మామూలు బటన్‌లాగే చదివేసింది. చూపు లేని మనిషికి మీరు గీసిన బొమ్మ ఎలా తెలుస్తుంది? నల్ ఇచ్చిన బటన్‌ని మాత్రం పని చేయని బటన్ అని చెప్పింది. యాప్‌లు తయారుచేసే ఇంకో సాధనం రియాక్ట్ నేటివ్‌లో, నొక్కడానికి వాడే ప్రెసబుల్‌కి డిసేబుల్డ్ ఇచ్చినా అంతే, స్క్రీన్ రీడర్‌కి ఆ సంగతి అందుతుంది.

సరే, తలుపుకి నిజం తాళమే వేశాం. మరి కిటికీ? కిటికీ అంటే స్వైప్. బటన్ నొక్కినప్పుడు మాత్రమే కౌంట్‌కి ఒకటి కలుపుతున్నారనుకోండి. మనిషి వేలితో జరుపుకుంటూ చివరి కార్డుకి వెళ్లిపోయాడు, మీ కౌంట్ ఇంకా 0 దగ్గరే కూర్చుంది. ఫలితం తలకిందులు: 'వెనక్కి' బటన్‌కి తాళం, 'తర్వాత' బటన్ బార్లా తెరిచి ఉంది! ఎక్కువమంది తంటాలు పడేది ఇక్కడే. అందుకే కౌంట్ మార్చే పని బటన్‌కి అప్పగించకండి. ఫ్లట్టర్‌లో కార్డుల్ని జరిపే పేజ్‌వ్యూ ఉంది, కార్డు మారినప్పుడల్లా మోగే దాని ఆన్‌పేజ్‌ఛేంజ్డ్‌కి ఇవ్వండి. తలుపులోంచి వచ్చినా కిటికీలోంచి వచ్చినా దానికి తెలుస్తుంది. ఒక్క మెలిక ఉంది: కార్డు సగం దాటగానే అది మోగుతుంది, పూర్తిగా ఆగేదాకా చూడదు. అందుకని వేలు ఇంకా తెర మీద ఉండగానే బటన్ రంగు మారొచ్చు. నాకైతే అది బాగానే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆగకుండా చుట్టూ తిరిగే కెరోజల్ అయితే ఏ బటన్‌కీ తాళం అక్కర్లేదు, దానికి చివరంటూ లేదు కదా. ఫ్లట్టర్‌కి దొరికే కెరోజల్ స్లైడర్ ప్యాకేజీలో ఆ తిరుగుడు డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, వద్దనుకుంటే ఎనేబుల్‌ఇన్ఫినిట్‌స్క్రోల్‌ని ఫాల్స్ చేయండి. బటన్‌ని పూర్తిగా మాయం చేయడం నాకు నచ్చదు, పక్కనున్నవి జరిగిపోతాయి.

చివరిది, ఖాళీ జాబితా. చివరి కార్డో కాదో తెలియాలంటే ఇండెక్స్‌ని లెంగ్త్ (కార్డుల సంఖ్య) మైనస్ ఒకటితో పోలుస్తాం. ఖాళీ జాబితాలో అది మైనస్ 1. ఇండెక్స్ 0. రెండూ సమానమా అని అడిగితే కాదు, అంటే ఒక్క కార్డు లేకపోయినా 'తర్వాత' తెరిచే ఉంటుంది. సమానమా అని కాకుండా, సమానం లేదా ఎక్కువా అని అడగండి, తాళం పడుతుంది.