ఆదిశక్తి ఎవరికి పుట్టింది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు కింద కూర్చున్న పిల్లలకు నమస్కారం. పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు ఒక ప్రశ్న సంగతి చెప్పాలి.

మా ఊళ్లో ఎల్లమ్మ పండగకు, అమ్మవారి కథలు చెప్పే బైండ్ల పెద్దాయన వచ్చేవాడు. పసుపు కుంకుమలతో పట్నం అనే పెద్ద ముగ్గు వేసి, జమిడిక వాద్యం చంకన పెట్టుకుని మీటుతూ రాత్రంతా కథ చెప్పేవాడు. మొదట అంతా నీళ్లేనట. ఆదిశక్తి పుట్టి మూడు గుడ్లు పెడితే వాటిలోంచి బ్రహ్మ, విష్ణువు, శివుడు వచ్చారట. నాకు నిద్ర ఎగిరిపోయింది. "మరి ఆదిశక్తి ఎవరికి పుట్టింది?" అని అడిగాను. జమిడిక ఆగింది. "గదే బిడ్డా, మా తాతను నేను గూడ గదే అడిగిన" అన్నాడు. నా తల నిమిరి, కథ మళ్లీ అందుకున్నాడు.

సోమవారం బడిలో అదే అడిగితే, "దేవుణ్ని ప్రశ్నిస్తావురా?" అని సారు అరచేతిలో బెత్తంతో రెండు వేశారు. యాభై ఏళ్లు దాటినా ఆ మంట నాకు పోలేదు.

ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఉంది. ఏడే మంత్రాలు. అందులోనూ మొదట చీకటి, నీళ్లు. ఈ సృష్టి ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా దాని తర్వాత వచ్చినవాళ్లే కదా అంటాడు ఆ ఋషి. పై నుంచి చూస్తున్నవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ముగిస్తాడు. ఆయన్ని ఎవరు కొట్టారు?

ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న బాబిలోనియా వాళ్ల మట్టి పలకల్లోనూ మొదట నీళ్లే. అప్సు మంచినీళ్లు, తియామత్ ఉప్పునీళ్లు, రెండూ కలిసి దేవతలు పుట్టారు. రెండు నదుల మధ్య బతికినవాళ్లకు కళ్లెదుట ఉన్నది అదే మరి. పెరట్లో కోడి పొదగడం చూసినవాళ్లకు లోకం గుడ్డులోంచి వచ్చింది. తెలిసిన దాన్ని పట్టుకుని తెలియని దాని దాకా వెళ్లాలని చూశారు. అది అబద్ధం చెప్పడం కాదండీ, ఆలోచించడం.

పోతన గారి గజేంద్రుడు మొసలి కాలు పట్టుకున్నప్పుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్నాడు. ఆ పద్యం అప్పజెబితే ప్రైజు ఇస్తాం. అదే అనుమానం పిల్లవాడు సొంతంగా అడిగితే నోరు మూయిస్తాం. టీచర్లూ, తల్లిదండ్రులూ, మీకు దణ్ణం పెడతాను, మూయించకండి. జవాబు తెలియకపోతే ఆ పెద్దాయనలా నేనూ అడిగానని చెప్పండి.

టైమ్ అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. మూడో వరుసలో ఆ పాప ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉంది. మైకు అక్కడికి ఇవ్వండి.